స్మోక్ డిటెక్టర్ ఊరికే మోగదు

సంపాదకులు గారికి,

నమస్కారములు. విశాఖ నగరంలో బహుళ అంతస్తుల అపార్ట్‌మెంట్లలో ఉంటున్న కుటుంబాలన్నింటికీ సంబంధించిన ఒక విషయాన్ని మీ పత్రిక ద్వారా తోటి పాఠకుల దృష్టికి, అగ్నిమాపక శాఖ అధికారుల దృష్టికి తీసుకురావాలని ఈ లేఖ రాస్తున్నాను. ఇళ్లలోనూ కారిడార్లలోనూ పైకప్పుకు బిగించిన స్మోక్ డిటెక్టర్లు ఏ మంటా లేకుండానే అర్ధరాత్రి, అపరాత్రి మోగుతున్నాయని చాలామంది విసుగు చెందుతున్నారు. ఆ విసుగులో చివరికి, అలారం మోత మోగించే హూటరు వైరు పీకేస్తున్నారు. మా అపార్ట్‌మెంటులో కూడా సరిగ్గా ఇదే జరిగింది. అది ఎంత ప్రమాదకరమైన పనో మాకు ఆలస్యంగా తెలిసింది.

నేను ముప్పై ఏళ్లకు పైగా ఒక కర్మాగారంలో ఇన్‌స్ట్రుమెంటేషన్ విభాగంలో పనిచేసి రిటైరయ్యాను. ప్రస్తుతం మధురవాడ వైపు పన్నెండు అంతస్తుల భవనంలో తొమ్మిదో అంతస్తులో ఉంటున్నాను. గత ఏడాది వర్షాకాలంలో ఒక రాత్రి రెండూ నలభైకి హూటర్లన్నీ ఒక్కసారి మోగాయి. పసిపిల్లలను భుజాన వేసుకుని, మోకాళ్ల ఆపరేషన్ చేయించుకున్న ఒక పెద్దాయనను ఇద్దరు కుర్రాళ్లు కుర్చీలో కూర్చోబెట్టి మోసుకుంటూ, అందరం మెట్ల మీదుగా కిందికి దిగి, గేటు దగ్గర తుంపరలో ముప్పావు గంట నిలబడ్డాం. ఎక్కడా ఏమీ లేదు. నాలుగు రోజుల తరువాత మళ్లీ మోగితే సగం మందే దిగారు. మూడోసారి తలుపులు తెరిచి, ఎవరైనా దిగుతున్నారేమో చూసి, మళ్లీ మూసుకున్నారు. ఆపైన వాచ్‌మన్‌కు, డిటెక్టర్లన్నింటి కబుర్లూ చేరే సెక్యూరిటీ గది ప్యానెల్ మీద మోత ఆపే సైలెన్స్ బొత్తాం ఏదో చూపించి, మోగగానే నొక్కెయ్యమని చెప్పారు. సెప్టెంబరు వచ్చేసరికి ఆ శ్రమ కూడా లేకుండా హూటర్ల వైరునే ప్యానెల్ నుంచి తప్పించారు. ఆ సమావేశంలో నేనూ ఉన్నాను, గట్టిగా అభ్యంతరం చెప్పలేదు. ఆ తప్పులో నాకూ భాగముంది.

నవంబరులో ఒక ఉదయం, ఐదో అంతస్తులో ఒంటరిగా ఉంటున్న ఒక పెద్దావిడ పొయ్యి మీద పప్పు పెట్టి, కాస్త నడుం వాల్చుదామని పడకగదిలోకి వెళ్లి నిద్రపోయారు. గిన్నె మాడి, పక్కనే ఉన్న మసిగుడ్డకు అంటుకుని, పై అలమరా చెక్క రాజుకుంది. ఇల్లంతా పొగ కమ్మింది. పనిమనిషి వచ్చి తలుపు సందుల నుంచి మాడు వాసన రావడం గమనించి కేకలు వేస్తే, ఎదురింటి వారి దగ్గరున్న తాళంచెవితో తలుపు తీశారు. ఆవిడ పడకగది తలుపు మూసి పడుకోవడం వల్ల క్షేమంగా బయటపడ్డారు. ఆ మధ్యాహ్నం నేను సెక్యూరిటీ గదికి వెళ్లి ప్యానెల్ జ్ఞాపకంలో ఉన్న వివరాలు వెనక్కి తిప్పి చూశాను. ఆ ఇంటి హాల్లోని డిటెక్టరు 6 గంటల 8 నిమిషాలకే పొగను గుర్తించి ప్యానెల్‌కు కబురు పంపింది. తలుపు తీసింది 6 గంటల 31 నిమిషాలకు. మధ్యలో 23 నిమిషాల పాటు ఆ ఎర్ర దీపం వెలుగుతూనే ఉంది. యంత్రం తన పని తాను చేసింది. మేమే దాని నోరు కట్టేశాం. రాత్రి డ్యూటీ ముగించుకుని వెళ్తూ ఆ దీపాన్ని చూసిన వాచ్‌మన్‌ను తరువాత అడిగితే, "బాబూ, ఏ బొత్తాం నొక్కితే ఊరుకుంటాదో నాకు సూపించినారు గానీ, ఎందుకు కూస్తందో ఎవురూ సెప్పనేదు" అన్నాడు. అతని మాటలో తప్పు పట్టడానికి నాకేమీ కనిపించలేదు.

అప్పటి నుంచి, అసోసియేషన్ కార్యదర్శి సహకారంతో, మా భవనంలో వచ్చే ప్రతి అలారానికీ కారణం వెతకడం మొదలుపెట్టాం. ఆ అనుభవంలో తెలిసినవి నలుగురికీ పనికొస్తాయని ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

మొదట, ఈ పరికరం ఎలా పనిచేస్తుందో తెలిస్తే సగం చిక్కు విడిపోతుంది. మన అపార్ట్‌మెంట్లలో ఇప్పుడు ఎక్కువగా బిగిస్తున్నవి కాంతితో పనిచేసే డిటెక్టర్లు. లోపల వంకరటింకర గోడలతో నల్లటి చిన్న అర ఉంటుంది. అందులో ఒక మూల నుంచి చిన్న దీపం కంటికి కనిపించని పరారుణ కాంతిని పంపుతుంటుంది. ఆ కాంతి నేరుగా పడని చోట, కొంత కోణంలో, కాంతిని పసిగట్టే సెన్సరు ఉంటుంది. గాలి నిర్మలంగా ఉన్నంతసేపు సెన్సరుకు చీకటే. పొగ లోపలికి వస్తే దాని రేణువుల మీద కాంతి పడి చెదిరి సెన్సరును తాకుతుంది, అప్పుడు అలారం మోగుతుంది. అంటే ఈ పరికరానికి కన్ను ఉంది గానీ ముక్కు లేదు. కాంతిని చెదరగొట్టేది ఏదైనా దానికి పొగలాగే కనిపిస్తుంది. స్నానాల గది నుంచి వచ్చే ఆవిరి, తేమగాలి, సిమెంటు ధూళి, కార్పెంటరు రంపపు పొట్టు, దోమల కోసం కొట్టే ఫాగింగ్ పొగ, అరలోకి దూరిన సాలెపురుగు, ఇవన్నీ దాని దృష్టిలో ఒకటే. కనుక అది అబద్ధం చెబుతోందని అనుకోవడం సరికాదు. తనకు కనిపించినదాన్ని చెబుతోంది. అక్కడ కనిపించినదేమిటో తెలుసుకోవలసిన బాధ్యత మనది.

మేము చేసిన మొదటి పని ప్యానెల్ పక్కన ఒక నోటుపుస్తకం వేలాడదీయడం. అలారం వచ్చినప్పుడు, ప్యానెల్‌ను మామూలు స్థితికి తెచ్చే రీసెట్ బొత్తాం నొక్కేలోపే తేదీ, సమయం, ప్యానెల్ తెర మీద చూపిన డిటెక్టరు నంబరు, ఆ సమయంలో ఆ చోట ఏం జరుగుతోంది, వాన పడుతోందా, ఉక్కగా ఉందా అనేవి రాయాలని నియమం పెట్టుకున్నాం. ఇది చాలా చిన్న పని, కానీ దీన్ని మించిన పనిముట్టు ఇంకొకటి లేదని నా అనుభవం. మెయింటెనెన్స్ ఒప్పందం కింద వచ్చే కుర్రవాడు అంతవరకు చేస్తున్నదల్లా రీసెట్ నొక్కి, రిజిస్టరులో సంతకం పెట్టి, "సార్, వైజాగ్‌లో ఇంతేనండి, సముద్రం గాలి" అని చెప్పి వెళ్లిపోవడమే. రెండు నెలలు తిరిగేసరికి పుస్తకంలో 31 నమోదులు చేరాయి. వాటిని డిటెక్టరు నంబరు ప్రకారం విడదీసి చూస్తే, భవనమంతా మోగుతోందని మేము అనుకున్నది నిజం కాదని తేలింది. వందకు పైగా ఉన్న డిటెక్టర్లలో ఐదే ఐదు దాదాపు గోలంతా చేస్తున్నాయి. ఆ ఐదింటికీ వాటి వాటి వేళలు కూడా ఉన్నాయి.

వాటిలో అన్నింటికంటే ఎక్కువ ఇబ్బంది పెట్టింది మా తొమ్మిదో అంతస్తు కారిడారు చివర, సముద్రం వైపు గ్రిల్లు కిటికీకి అడుగు దూరంలో ఉన్నది. అది మోగినప్పుడల్లా తెల్లవారుజాము వేళే, అందులోనూ ఎక్కువసార్లు వాన వెలిసిన తరువాతే. దాన్ని పైకప్పుకు బిగించిన బేసు నుంచి తిప్పి ఊడదీసి, మా భోజనాల బల్ల మీద పాత దినపత్రిక పరిచి, టెక్నీషియన్ ఎదుటే మూత విప్పించాను. బూడిద రంగు మెత్తటి ధూళి వేలి మందాన పేరుకుని ఉంది. నల్ల అర లోపల సాలెగూడు దారం, దానికి అంటుకుని నాలుగైదు ఉసిళ్ల రెక్కలు ఉన్నాయి. వాన వెలిశాక కారిడారు ట్యూబులైటు చుట్టూ ముసిరే ఉసిళ్లను మనందరం చూస్తాం. ఆ లైటు ఈ డిటెక్టరుకు జానెడు దూరంలో ఉంది. పగలంతా ధూళి, రాత్రి పురుగులు, తెల్లవారుజామున గ్రిల్లు గుండా నేరుగా కొట్టే తేమగాలి, ఇవి మూడూ కలిస్తే ఆ సెన్సరుకు పొగ కనిపించక తప్పదు. మెత్తటి కుంచె తగిలించిన వాక్యూమ్ క్లీనరుతో శుభ్రం చేయించి, దాన్ని కిటికీకి దూరంగా, లైటుకు దూరంగా జరిపించాం. ఆ తరువాత అది ఒక్కసారి కూడా మోగలేదు.

ఇక్కడ మరొక సంగతి చెప్పాలి. ఈ కాలపు ప్యానెళ్లు, డిటెక్టర్లు కొంతవరకు ధూళిని లెక్కలోకి తీసుకుని తమను తాము సర్దుకుంటాయి. ఆ సర్దుబాటు హద్దు దాటినప్పుడు, శుభ్రం చేయాలని ప్యానెల్ తెర మీద ముందుగానే సూచిస్తాయి. మా ప్యానెల్ ఆ తొమ్మిదో అంతస్తు డిటెక్టరు గురించి ఆ సూచన నెలల తరబడి చూపిస్తూనే ఉందని పాత వివరాల్లో కనిపించింది. చదివినవారు లేరు. ఓడరేవు బొగ్గు ధూళి పడే పాత నగర ప్రాంతాల్లోనూ, నిత్యం కొత్త నిర్మాణాలు సాగే మధురవాడ, కొమ్మాది వైపుల్లోనూ ఈ శుభ్రం చేసే పని ఏడాదికి ఒకసారి అంటే చాలదు. కనీసం ఆరు నెలలకోసారైనా చేయించాలని నా మనవి. నీళ్లతో, తడిగుడ్డతో, ఫినాయిలుతో మాత్రం తుడవకూడదు.

రెండో రకం వంటింటి అలారాలు. మా భవనంలో మూడో అంతస్తులో ఒకటి, ఆరో అంతస్తులో ఒకటి, ఉదయం ఏడు నుంచి తొమ్మిది మధ్యే మోగేవి. పుస్తకంలో వాచ్‌మన్ కొడుకు ముత్యాల్లాంటి అక్షరాలతో "పోపు", "పోపు", "ఎండుచేపలు", "పూరీలు" అని రాసి పెట్టాడు. ఆ రెండు ఇళ్లలోనూ వంటిల్లూ హాలూ కలిసే ఉన్నాయి, స్మోక్ డిటెక్టరు పొయ్యికి ఎదురుగా ఐదారడుగుల దూరంలోనే ఉంది. ఎండుమిరపకాయలు నూనెలో చిటపటలాడే తెలుగువారి వంటింట్లో ఇటువంటి చోట స్మోక్ డిటెక్టరు పెట్టడమే పొరపాటు. ఇళ్ల అలారాలకు అమెరికాలో పాటించే ప్రమాణం ప్రకారం పొయ్యికి కనీసం 10 అడుగుల దూరం ఉండాలి. 10 నుంచి 20 అడుగుల లోపు అయితే కాంతితో పనిచేసే రకం గానీ, కాసేపు ఆపడానికి బొత్తాం ఉన్న రకం గానీ వాడాలని ఆ ప్రమాణం పాత ముద్రణల్లో ఉండేది. వంటింట్లోకి కావలసింది స్మోక్ డిటెక్టరు కాదు, హీట్ డిటెక్టరు. అది పొగను పట్టించుకోదు, గాలి వేడి సుమారు 57 డిగ్రీలకు చేరినప్పుడు మాత్రమే మోగుతుంది. వేడి వేగంగా పెరిగినా మోగే రకం ఒకటుంది గానీ, పెద్ద మంట మీద మూకుడు పెట్టే మన వంటిళ్లకు స్థిరమైన ఉష్ణోగ్రత వద్ద మోగే రకమే నయం. మా రెండు ఇళ్లలోనూ వంటింటి భాగానికి హీట్ డిటెక్టరు పెట్టించి, స్మోక్ డిటెక్టరును పడకగదులకు వెళ్లే నడవాలోకి మార్పించాం. ఆ ఇళ్లవారు ఇప్పుడు ధైర్యంగా పోపు వేసుకుంటున్నారు. అయితే హీట్ డిటెక్టరు ఆలస్యంగా మోగుతుందని గుర్తుంచుకోవాలి. మనుషులు నిద్రపోయే గదుల్లో దాన్ని స్మోక్ డిటెక్టరుకు బదులుగా ఎంతమాత్రం వాడరాదు.

సాంబ్రాణి గురించి ప్రత్యేకంగా రాయాలి, ఎందుకంటే దీని మీద మా సమావేశంలో పెద్ద వాదనే జరిగింది. ఆరో అంతస్తులో కొత్తగా పుట్టిన మనవరాలికి రోజూ స్నానం చేయించాక సాంబ్రాణి ధూపం వేస్తున్నారు. పక్కింటివారు ఆ అలవాటు మానుకోవాలన్నారు. "మా అత్తగారి కాలం నుంచీ వేస్తున్నాం, డబ్బా మోగుతుందని పసిపిల్ల తల తడిగా ఉంచమంటారా?" అని ఆ అమ్మమ్మగారు అడిగారు. ధూపం వల్ల మోగిన అలారంలో డిటెక్టరుది తప్పు లేదు, అది నిజంగా పొగే. అలాగని ఇంటి అలవాటును నిషేధించనూ అక్కరలేదు. డిటెక్టరు లేని బాల్కనీలోనో, కిటికీలు తీసి ఎగ్జాస్ట్ ఫ్యాను వేసిన గదిలోనో ధూపం వేసుకోమని చెబితే ఆ ఇంట్లో అలారం రావడం మానేసింది. పూజగది అగరబత్తులు, హారతి కర్పూరం, దోమల కాయిల్ విషయంలోనూ ఇదే పద్ధతి సరిపోతుంది. పూజగది గుమ్మం పైన డిటెక్టరు ఉంటే, దాని చోటు మార్చమని బిల్డరును అడగడం మన హక్కు.

మూడో రకం తేమకు సంబంధించినది. ఏడో అంతస్తులో ఒక పడకగదిలో రాత్రి పదకొండు ప్రాంతంలో అలారం వచ్చేది. అక్కడ డిటెక్టరు స్నానాల గది తలుపు పైనే ఉంది. దానికి తోడు ఏసీ గాలి నేరుగా దాని మీదకు వీస్తోంది. ఏసీ చల్లదనానికి చల్లబడిన పరికరం మీదకు గీజరు నీళ్ల ఆవిరి తాకితే, చల్లటి గ్లాసు మీద చెమట పట్టినట్టు లోపలి అరలో తేమ పేరుకుంటుంది. స్నానాల గది తలుపుకు, ఏసీ గాలి వచ్చే చోటికి, సీలింగ్ ఫ్యాను రెక్కల చివరకు కనీసం మూడడుగుల దూరం ఉండాలన్న నియమం పాటిస్తే ఈ బాధ ఉండదు. ఫ్యాను విషయం తేమ కోసం కాదు. ఫ్యాను గాలి నిజమైన పొగను కూడా డిటెక్టరు దగ్గరకు చేరనివ్వదు.

గోల చేస్తున్న ఐదో డిటెక్టరుగా మేము లెక్కించినదాని నుంచి వచ్చేది అసలు అలారమే కాదు. నాలుగో అంతస్తు డిటెక్టరు పేరుతో ప్యానెల్ అప్పుడప్పుడు కీచుమంటుంటే దాన్ని కూడా దొంగ అలారంగానే రాసుకున్నాం. దగ్గరకు వెళ్లి చదివితే తెర మీద ఉన్నది "ఫైర్" కాదు, "ఫాల్ట్", అంటే నిప్పు కాదు, వ్యవస్థలో ఏదో లోపం. బేసు విప్పి చూస్తే వైరు బిగించే మర మీద పచ్చటి చిలుము పట్టి ఉంది. ఉప్పుగాలి పనే అది. వైరు చివర కత్తిరించి, శుభ్రం చేసి, మళ్లీ బిగిస్తే సరిపోయింది. ఫైరు, ఫాల్టు రెండింటికీ శబ్దం వేరు, దీపం రంగు వేరు. ప్యానెల్ బ్యాటరీలు నీరసించినా, కరెంటు పోయినా వచ్చేది ఫాల్టు శబ్దమే. ఈ తేడా సెక్యూరిటీ సిబ్బందికి నేర్పడానికి పది నిమిషాలు చాలు.

ప్యానెల్ లేని వ్యక్తిగత ఇళ్లలో చాలామంది బ్యాటరీతో నడిచే అలారాలు పెట్టుకుంటున్నారు, అమెరికా నుంచి పిల్లలు తెచ్చినవి కూడా ఉంటున్నాయి. వాటి గురించి రెండు మాటలు. నిమిషానికోసారి "కిచ్" మని ఒక్క కూత కూస్తుంటే అది పొగ హెచ్చరిక కాదు, బ్యాటరీ అయిపోతోందని చెప్పడం. ఇది ఎక్కువగా తెల్లవారుజామునే ఎందుకు మొదలవుతుందంటే, చలికి నీరసించిన బ్యాటరీ వోల్టేజి మరికాస్త పడిపోతుంది. కొత్త బ్యాటరీ వేసిన తరువాత కూడా కూస్తుంటే వెనుకవైపు ముద్రించిన తయారీ తేదీ చూడండి. పదేళ్లు దాటితే పరికరాన్నే మార్చాలి. పాత రకం వాటిలో కాంతికి బదులు అమెరీషియం-241 అనే రేడియోధార్మిక పదార్థం చిటికెడు కంటే చాలా తక్కువ ఉంటుంది. అది గాలిని విద్యుదావేశితం చేయడంతో లోపల సన్నటి విద్యుత్ ప్రవాహం నడుస్తుంటుంది, పొగ వస్తే ఆ ప్రవాహం తగ్గుతుంది. ఆ పదార్థం సగానికి తగ్గడానికి 432 ఏళ్లు పడుతుంది కనుక, పదేళ్లలో అరిగేది అది కాదు, చుట్టూ ఉన్న ఎలక్ట్రానిక్ భాగాలు, పేరుకున్న మురికి. ఈ రకం మంటతో రేగే నిప్పును త్వరగా పట్టుకుంటుంది గానీ, వంటింటి సన్నటి పొగలకు కూడా తొందరగా మోగుతుంది. నిదానంగా రాజుకునే పరుపు, సోఫాల పొగను పట్టడంలో కాంతితో పనిచేసే రకమే మెరుగు. పాత రకం వాటిని పగలగొట్టడం, చెత్తతో కలిపి కాల్చడం చేయకండి. అమెరికా నుంచి వచ్చిన వాటిలో కరెంటుతో నడిచేవి 120 వోల్టులకు తయారైనవి. మన 230 వోల్టుల లైనుకు కలపకూడదు.

ఇక, పనుల కోసం తాత్కాలికంగా ఆపవలసి వచ్చే సందర్భాలు. చెక్కపని, గోడలకు రంగులు, టైల్సు కోత ఉన్నప్పుడు ఆ ఇంటి డిటెక్టరుకు ప్లాస్టిక్ మూత తొడగాలి. కొత్త డిటెక్టరుతో పాటు వచ్చే ఆ మూతను మన కుర్రాళ్లు బిగించిన రోజే చెత్తబుట్టలో వేస్తున్నారు. సాయంత్రం పని ముగియగానే తీసేయాలి, లేకపోతే ఆ డిటెక్టరు గుడ్డిది. ఎక్కడైనా ఒక డిటెక్టరు మొండికేస్తే ప్యానెల్ మీద ఆ ఒక్కదాన్నే ఆపి ఉంచే వీలుంటుంది. మొత్తం భవనాన్ని ఆపవలసిన అవసరం లేదు. ఆపిన నంబరు, ఆపిన సమయం, ఆపినవారి పేరు పుస్తకంలో రాయాలి. అది తిరిగి పనిచేసేదాకా గంటకోసారి సెక్యూరిటీ మనిషి ఆ చోటుకు వెళ్లి చూసి రావాలి. దీపావళి రాత్రి టపాసుల పొగ లిఫ్టు లాబీల్లోకి వస్తుందని ప్యానెల్ మొత్తం ఆపేసే అలవాటు మా దగ్గర ఉండేది. నిప్పురవ్వలు బాల్కనీల్లో ఆరేసిన బట్టల మీద పడే అవకాశం ఏడాదిలో అన్నింటికంటే ఎక్కువగా ఉండే రాత్రి అదే. ఒక ఏడాది దాన్ని మళ్లీ ఆన్ చేసింది నాగుల చవితి నాటికి. ఈసారి లాబీ డిటెక్టర్లు మాత్రమే, అవీ రాత్రి పదకొండు వరకే ఆపాలని, ఇళ్లలోని డిటెక్టర్లను ముట్టుకోకూడదని తీర్మానం చేసుకున్నాం.

పరీక్షించే పద్ధతి మీద కూడా ఒక మనవి. మెయింటెనెన్స్ కుర్రాళ్లు అగరబత్తి గుత్తి వెలిగించి, సిగరెట్టు పొగ ఊది డిటెక్టర్లను పరీక్షించడం నేను కళ్లారా చూశాను. ఆ జిడ్డు లోపలి అర గోడలకు అంటుకుంటుంది, దానికి ధూళి పడుతుంది, మళ్లీ దొంగ అలారాలు మొదలవుతాయి. పరీక్ష కోసమే తయారైన స్ప్రే డబ్బాలు దొరుకుతాయి. ఒప్పందం రాసుకునేటప్పుడే అవి వాడాలని రాయించుకోవాలి. ఎన్ని డిటెక్టర్లను ఊడదీసి శుభ్రం చేశారో నంబర్లతో సహా నివేదిక ఇవ్వాలని, దొంగ అలారం వస్తే కారణం రాయకుండా రీసెట్ చేయరాదని కూడా షరతు పెట్టాలి. ఇవేవీ మనం కొత్తగా కోరుతున్న సౌకర్యాలు కావు. డిటెక్టర్ల ఎంపిక, అమరిక, నిర్వహణల కోసం భారతీయ ప్రమాణాల సంస్థ ఐ.ఎస్. 2189 అనే నియమావళి ఎప్పుడో ఇచ్చింది. 2016 నాటి జాతీయ భవన నిర్మాణ నియమావళి నాలుగో భాగం మొత్తం అగ్ని భద్రతకే కేటాయించింది. ఫ్లాటు తాళాలు అందుకునే రోజున టైల్సు రంగు, తలుపు చెక్క ఎంత శ్రద్ధగా చూస్తామో, పైకప్పు డిటెక్టరు పొయ్యికి ఎంత దూరంలో ఉందో, స్నానాల గది తలుపు పైన ఉందో లేదో కూడా అంతే శ్రద్ధగా చూసి, అప్పుడే మార్పించుకోవాలి. తరువాత మార్పించడానికి ఫాల్స్ సీలింగు కోయవలసి వచ్చి ఆ ఖర్చంతా మా మీదే పడింది.

అగ్నిమాపక శాఖ అధికారులకు ఒక విన్నపం. 1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో జరిగిన పేలుడులో ప్రాణాలర్పించిన అగ్నిమాపక సిబ్బంది స్మృత్యర్థం ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 వరకు మీరు జరిపే వారోత్సవాల్లో మంటలార్పే సిలిండర్లు వాడే విధానం చక్కగా చూపిస్తున్నారు. వాటితో పాటు అపార్ట్‌మెంటు సెక్యూరిటీ సిబ్బందిని పిలిచి ప్యానెల్ తెర చదవడం, ఫైరుకూ ఫాల్టుకూ తేడా, రీసెట్ నొక్కేలోపు చేయవలసిన పనులు కూడా నేర్పించవలసిందిగా కోరుతున్నాను. తనిఖీకి వచ్చినప్పుడు సిలిండర్ల గడువు తేదీ చూసినట్టే, ప్యానెల్ జ్ఞాపకంలోని వివరాలు కూడా చూడండి. ఏ డిటెక్టర్లు ఎన్ని రోజులుగా ఆపి ఉన్నాయో, హూటరు వైరు అసలు తగిలించి ఉందో లేదో అక్కడే తేలిపోతుంది. 2023 నవంబరులో ఫిషింగ్ హార్బరులో ఒక రాత్రి పడవలు వరుసగా తగలబడిపోవడం చూసిన నగరం మనది. నిప్పును మొదటి నిమిషాల్లో పట్టుకోవడానికీ, ఆలస్యంగా పట్టుకోవడానికీ ఉన్న తేడా ఇక్కడివారికి ఎవరూ చెప్పనక్కరలేదు.

చివరిగా అసోసియేషన్ల బాధ్యులకు. అలారం మోగినప్పుడు కారణం తెలిసేదాకా అది నిజమైనదనే అనుకోవాలి. ఒకరు నంబరు చూసి ఆ ఇంటికి వెళ్లాలి, మిగిలినవారు లిఫ్టు వాడకుండా మెట్ల మీదుగా దిగాలి, పొగ కనిపిస్తే వెంటనే 101కి గానీ 112కి గానీ ఫోను చేయాలి. వెళ్లి చూసి, ఏమీ లేదని తేలాకే సైలెన్స్, కారణం రాశాకే రీసెట్. మా భవనంలో హూటర్ల వైరు డిసెంబరులో తిరిగి తగిలించాం. ఆ ఐదు డిటెక్టర్లనూ సరిచేసినప్పటి నుంచి పుస్తకంలో చేరినవి మొత్తం ఆరు నమోదులు. వాటిలో నాలుగింటికి కారణం రాసి ఉంది. మిగిలిన రెండూ పదకొండో అంతస్తు లిఫ్టు లాబీలోని ఒకే డిటెక్టరువి, రెండూ మధ్యాహ్నం మూడింటి ప్రాంతంలోవే. శుభ్రం చేశాం, బేసు మార్చాం, అయినా ఇంకా తెలియలేదు. వచ్చే ఆదివారం దాన్ని పదో అంతస్తు డిటెక్టరుతో తారుమారు చేసి బిగిస్తున్నాం. అలారం పరికరంతో పాటు కిందికి వస్తే లోపం పరికరంలోనిది, పదకొండులోనే ఉండిపోతే ఆ చోటులో ఉన్నదేదో వెతకాలి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఇన్‌స్ట్రుమెంటేషన్ ఉద్యోగి,
మధురవాడ, విశాఖపట్నం.